వాన ముందటి సముద్రం

పోయినవారం మనం బుల్లిని నడిగదిలో, గోడకి వీపు ఆనించి నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. ఆమె ఎదురుగా గ్యాలరీ ఆవిడ నిలబడి ఉంది. ఆవిడ కుడిచేతిలో ఒక బంతిపూల కుండీ, ఎడమచేతిలో ఇంకో బంతిపూల కుండీ. రెండూ నీటిరంగుల బొమ్మలే. అదే కిటికీ గట్టు, కుండీకి అదే పెచ్చు ఊడిన అంచు, నీడ పడ్డ చోటు కూడా అదే. బొమ్మలన్నీ పెట్టిన పెద్ద అట్ట ఫోల్డరు సర్దుతూ అడుగున చెయ్యి పెడితే ఆ రెండోది ఆవిడ వేళ్ళకి తగిలింది. అన్నీ దాచిన బుల్లి ఆ ఒక్కదాన్నీ మరిచిపోయింది.

"ఇదేంటండీ, టీచరు గారు ఒకే బొమ్మ రెండుసార్లు వేశారా?" అని ఆవిడ అడిగింది. అడగడంలో ఏ అనుమానమూ లేదు. ఉన్న అనుమానమంతా బుల్లి గుండెల్లోనే ఉంది.

టీచరు గారంటే అక్క. బుల్లికి సొంత అక్క. జీవితమంతా స్కూల్లో డ్రాయింగు చెప్పి, చివరికి కూరగాయలమ్మేవాళ్ళకి కూడా టీచరే అయిపోయింది. కొండలు, పూలు, సముద్రపు ఒడ్డు, ఇవే ఆమె వేసేవి. ఆయిలు రంగుల జోలికి పోలేదు. "నీళ్ళతో వేసేదాంట్లో దాపరికం ఉండదే, తప్పు చేస్తే తప్పు కనపడుతుంది, అందుకే నాకిష్టం" అనేది. పోయిన వానాకాలం ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ కూలబడిపోయింది. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక కుడిచెయ్యి ఆమె మాట వినడం మానేసింది. "ఇష్టమైన పని చేసుకోనివ్వండి. ధైర్యం పోయిందంటే ఆ చెయ్యి కూడా పోతుంది" అన్నాడు డాక్టరు.

అక్క కుంచె పట్టింది. మొదటి బొమ్మలో సముద్రం ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆకాశం రంగు కారి వచ్చి ఇసుక మీద పడింది. అక్క ఆ బొమ్మను గోడ వైపు తిప్పిపెట్టి, అన్నం వద్దని చెప్పి పడుకుంది. ఆ మధ్యాహ్నం బుల్లి ఇంకో కాగితం తీసి, అదే సముద్రాన్ని తిన్నగా వేసి, దాని చోట పెట్టింది. సాయంత్రం అక్క లేచి చాలాసేపు చూసి, "ఆరాక బాగానే తేలిందే" అంది. ఆ పూట కడుపునిండా తింది.

బుల్లి ఉద్యోగం బట్టల మిల్లులో. దుప్పట్ల మీద అచ్చు వేసే పూలు గీసిస్తుంది. ఒకే పువ్వుని ఎన్నిసార్లు గీసినా వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఏభై దాటాక కూడా ఇంట్లో బుల్లే, మిల్లులో బుల్లే. ఒకరి బొమ్మ చూసి దించెయ్యడం ఆమెకి మంచినీళ్ళ ప్రాయం. అక్కకి బాగా లేనప్పటి నుంచి మిల్లు పని ఇంటికే తెచ్చుకుంటోంది కాబట్టి మధ్యాహ్నాలు ఆమె చేతిలోనే ఉన్నాయి. పొద్దున అక్క వేస్తుంది. మధ్యాహ్నం మాత్ర వేసుకుని పడుకుంటుంది. బుల్లి బొమ్మ మారుస్తుంది. సాయంత్రం అక్క ఎడమచేత్తో కింద సంతకం పెడుతుంది. ఒక్కరోజు కోసం ఆడిన అబద్ధం అలా ఇంటిమనిషి అయి కూర్చుంది.

ఆ బొమ్మల్లో ఒకదాన్ని అక్క డాక్టరుకి కానుకగా ఇచ్చింది. దాన్ని డాక్టరు గదిలో చూసి ఈ గ్యాలరీ ఆవిడ వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు ప్రదర్శన పెడతానంటోంది. పెద్ద బొమ్మలు కొన్ని పొద్దునే ఫ్రేముల షాపుకి వెళ్ళిపోయాయి కూడా.

ఇదీ సంగతి. ఇక బుల్లి దగ్గరికి వద్దాం.

"అది చిత్తుదండీ" అంది బుల్లి. "అక్క ముందు చిత్తుగా ఒకటి వేసుకుంటుంది. తర్వాత అసలుది."

"ఏది చిత్తు?"

బుల్లి వేలు చూపించింది. అక్క వేసిన దానివైపు.

ఇన్నాళ్ళూ చేసినదంతా నోరు మెదపకుండా చేసిన పని. కాగితం తియ్యడం, కాగితం పెట్టడం. అక్క బొమ్మని పట్టుకుని ఇంకో మనిషి ముందు చిత్తు అనడం ఇదే మొదలు. అనేశాక చూపుడువేలిని ఏం చెయ్యాలో తెలియక చీర కొంగులో చుట్టేసుకుంది.

గ్యాలరీ ఆవిడ రెండు బొమ్మల్నీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ పొట్టి జుట్టు మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. బొమ్మల గురించి గాలిలో చేతులు తిప్పుతూ మాట్లాడే రకం కాదు. కొలత ఎంత, ఏ గోడకి పడుతుంది, పక్కన ఏది పెట్టాలి, ఇలా చూసుకుంటుంది. ఇప్పుడు మాత్రం ఏమీ కొలవకుండా నిలబడింది. కళ్ళజోడు పైకి తోసుకుని దగ్గరగా చూసింది, రెండడుగులు వెనక్కి వేసి చూసింది, బుల్లి వేసిన కుండీని బల్ల మీద పెట్టేసి రెండోదాన్నే పట్టుకుంది.

"ఇలాంటి చిత్తులు ఇంకా ఉన్నాయా?"

"ఎందుకండీ?"

"ఉన్నాయా, లేవా?"

"ఉండొచ్చు. ఎక్కడో పడేసి ఉంటాయి."

"పడేశారా!" ఆవిడ కళ్ళజోడు కిందికి దించి చూసింది. "చూడండమ్మా, మీతో సూటిగా చెప్తాను. ఇప్పటిదాకా నేను ఏరినవి చక్కగా ఉన్నాయి. ఎవరింట్లోనైనా పెట్టుకోవచ్చు. ఒక్కటి కూడా మిగలకుండా పోతాయి, నాకు నమ్మకం ఉంది. ఇది పోతుందో లేదో చెప్పలేను. కానీ ఇవాళ ఇంటికెళ్ళి పడుకుంటే నాకు గుర్తొచ్చేది మాత్రం ఇదే. ఆ పువ్వులు చూడండి, ఎవరో ఇప్పుడే ఆ గట్టు మీద కుండీ పెట్టి వెళ్ళినట్టు లేదూ?"

బుల్లి చూసింది. నిజం చెప్పాలంటే మొదటిసారి చూసింది. ఇన్నాళ్ళూ అక్క బొమ్మలో ఆమె చూసింది తప్పులే. ఇక్కడ గీత వణికింది, ఇక్కడ పసుపు పక్కకి పాకింది, ఇక్కడ కుంచె జారి చుక్క పడింది, ఇది సరిచెయ్యాలి, అది తిన్నగా వెయ్యాలి. రోగిని చూసే కళ్ళు అవి. ఇప్పుడు ఆ బంతిపూలు కాగితం తడిలో ఎటు పడితే అటు పాకి, ఎక్కడికక్కడ ఆగిపోయి ఉన్నాయి. పసుపు పక్కన కాగితాన్ని అక్క తెల్లగా వదిలేసింది. ఆ తెలుపులోంచి ఎండ వస్తోంది. తన కుండీలో ఆ చోట తను లేత పసుపు పూసింది, శుభ్రంగా, అంచుల దాకా. అక్కడ ఎండ లేదు. రంగుంది.

అక్క ధైర్యం నిలబెడుతున్నానని కదా ఇదంతా చేసింది. అక్క వేసినవాటిని బీరువా అడుగున దుప్పట్ల కింద తొక్కిపెట్టి, తను వేసినవాటికి అక్క పేరు పెట్టించి, ఊరి మీదకి పంపింది. చేతివాటం అనే మాట జనం దొంగతనానికి ఎందుకు వాడతారో ఆమెకి ఆ క్షణాన అర్థమైంది.

"అక్కని అడిగి చెప్తానండీ" అంది.

"అడగండి. నేనిక్కడే కూర్చుంటాను. టీ ఉంటే ఒక కప్పు ఇవ్వండి చాలు."

టీ పెట్టి ఇచ్చి, బుల్లి మెట్లెక్కింది. సగం మెట్ల మీద ఆగింది. వెనక్కి దిగిపోయి, ఇంకేమీ లేవండీ అని చెప్పేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆవిడ టీ తాగి వెళ్ళిపోతుంది. ప్రదర్శన జరుగుతుంది. అక్క కొత్త చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంటుంది, నలుగురూ వచ్చి దణ్ణం పెడతారు. అందరికీ సుఖం. అక్క సుఖం కోసం ఇంత చేసినదానికి ఇంకొక్క అబద్ధం బరువా?

బరువే అయింది. కాళ్ళు పైకే నడిచాయి.

అక్క పడుకోలేదు. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. కిటికీ ముందు బల్ల దగ్గర కూర్చుని, నీళ్ళ గ్లాసులో కుంచె ముంచి తిప్పుతోంది. రంగుల పళ్ళెంలో నీలాలన్నీ ఎండి బీటలు తీసి ఉన్నాయి. కిటికీలోంచి ఇళ్ళ కప్పులు, వాటి వెనక సన్నటి గీతలా సముద్రం.

"కింద ఎవరే? గొంతు గ్యాలరీ ఆవిడదిలా ఉంది."

"ఆవిడే అక్కా."

"మళ్ళీ ఎందుకొచ్చింది? ప్రదర్శన మానేస్తుందా?"

"మానెయ్యడం కాదు."

"మరి ఆ మొహం ఏంటి? ఏం పగలగొట్టావ్?"

చిన్నప్పటి నుంచి అదే ప్రశ్న. గ్లాసు పగిలినా, పరీక్ష పోయినా, బుల్లి పెళ్ళి మాట తప్పిపోయినా అక్క అడిగే మాట అదే. ఎప్పుడూ ఆ మాటకి బుల్లికి నవ్వొచ్చేది. ఇవాళ ఏడుపొచ్చింది. గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"అక్కా, నేనొక పని చేశాను. ఒకటి కాదు. రోజూ చేశాను."

అక్క కుంచె తిప్పడం ఆపలేదు.

"నువ్వు వేసిన బొమ్మలు నువ్వు వేసినవి కావక్కా. అంటే, నువ్వు వేసినవి వేరే ఉన్నాయి. నువ్వు పడుకున్నాక నేను వాటిని తీసేసి..." వాక్యం ఎటూ పోలేదు. మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చింది. "సంతకం నీది. బొమ్మ నాది. అన్నీ అంతే. డాక్టరుకి ఇచ్చింది కూడా."

గ్లాసులో నీళ్ళు నీలంగా మారాయి. అక్క కుంచె బయటికి తీసి, గుడ్డతో మెల్లగా, ఎడమచేత్తో, వేళ్ళ చివర్లతో ఒత్తి తుడిచింది. కుచ్చు మొన తేలేదాకా తుడిచింది.

"తెలుసు" అంది.

బుల్లి తలెత్తి చూసింది.

"మొదటి రోజు తెలియదు. నిజంగానే నమ్మాను. ఆరితే రంగు మారుతుంది కదా, గీత కూడా సర్దుకుందేమో అనుకున్నా. చూడు ఎంత పిచ్చిదాన్నో, ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పినదాన్ని. తర్వాత తెలిసింది. నువ్వు తెలుపు వదలవే బుల్లీ. చిన్నప్పుడూ అంతే. కాగితం ఎక్కడైనా ఖాళీగా కనపడితే నీకు భయం. గబుక్కున ఏదో ఒకటి పూసేస్తావు. నా బొమ్మలో తెల్లటి నురగ ఉండాల్సిన చోట లేత నీలం ఉంది. ఇంకెవరు వేస్తారు?"

"మరి అడగలేదే!"

"ఏమని అడగను?"

"అడగకుండా... సంతకం పెట్టావు!"

"పెట్టాను." అక్క ఆ మాటని దాచుకోలేదు, తప్పించుకోలేదు. "అందరూ వచ్చి బాగుంది బాగుంది అంటుంటే నాకు బాగుంది. చెయ్యి పడిపోయినా టీచరు తగ్గలేదు అంటుంటే ఇంకా బాగుంది. నాది కాదని తెలిసీ తీసుకున్నాను. నువ్వు చేసింది తప్పయితే నేను చేసింది ఏంటో నువ్వే చెప్పు."

బుల్లికి లోపల ఏదో భగ్గుమంది. పశ్చాత్తాపంతో వచ్చిన మనిషి కోపంతో లేచి నిలబడింది.

"ఇన్ని నెలలు! నాకు ముద్ద దిగలేదు తెలుసా? నువ్వు సంతకం పెడుతుంటే ఎదురుగా కూర్చోలేక వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. నువ్వు ఆ డాక్టరుతో మా బుల్లి బొమ్మలు మానేసిందండీ, దుప్పట్ల పూలే దానికి లోకం అని చెప్తుంటే, పక్కన నిలబడి నవ్వాను. నీకన్నీ తెలిసి కూడా ఆ మాట అన్నావా?"

"అన్నాను."

"ఎందుకు?"

"ఉడుక్కుని నిజం చెప్పేస్తావేమోనని. నేనే ముందు చెప్పలేక."

కింద గదిలో కప్పు సాసరుకి తగిలిన చప్పుడైంది. ఇద్దరూ గొంతు తగ్గించారు. చిన్నప్పుడు నాన్న వస్తే తగ్గించినట్టు.

అక్క అంది: "ఒకటి అడుగుతాను. తిన్నగా చెప్పు. వేస్తుంటే బాగుండేదా నీకు?"

ఇది బుల్లి తనని తాను కూడా అడగని ప్రశ్న. తలుపు వేసుకుని, అక్క ఊపిరి వింటూ, తడి కాగితం మీద మొదటి నీలం వదిలినప్పుడు ఒళ్ళు ఎలా తేలికయ్యేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. అక్క మీద జాలితో చేస్తున్నానని చెప్పుకున్న పనిలో జాలి ఎప్పుడో అడుగంటింది. మధ్యాహ్నం కోసం ఎదురుచూసేది. ఒక్కోరోజు అక్క త్వరగా పడుకోకపోతే విసుగొచ్చేది కూడా. గ్యాలరీ ఆవిడ "టీచరు గారి చెయ్యే చెయ్యి" అన్నప్పుడు వంటింట్లో ఒంటరిగా నిలబడి, పెదవి కొరుక్కుని నవ్వుకుంది.

"బాగుండేది" అంది. అబద్ధాలన్నింటికంటే ఈ నిజం చెప్పడానికే ఎక్కువ సిగ్గేసింది.

అక్క తల ఊపింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది బుల్లికి.

"కింద ఆవిడ నీది చూసిందక్కా" అని అప్పుడు చెప్పింది. "బంతిపూలది. నాదాన్ని బల్ల మీద పడేసి నీదాన్ని పట్టుకుని కూర్చుంది. నీవే కావాలట. ఎన్నుంటే అన్ని."

అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. ఆ వేళ్ళు ఒకసారి కదిలాయి.

"నావా?"

"నీవే. బీరువాలో ఉన్నాయి. అన్నీ పదిలంగా ఉన్నాయి. ఒక్కటి కూడా చింపలేదు నేను, ఒట్టు. తీసుకొస్తాను, నువ్వే చూసి ఇద్దువుగాని." బుల్లికి కాస్త ఊపిరాడింది. ఎంత చెడ్డా ఇంకా సరిచేసుకోవచ్చనిపించింది. గబగబా లేచింది.

"ఆగు. వాన ముందటి సముద్రం ఉందా అందులో?"

బుల్లి అడుగు అక్కడే ఆగింది.

"పెద్ద కాగితం మీద వేశాను" అక్క చెప్పుకుపోతోంది. ఆమె కళ్ళు కిటికీలో లేవు, ఇంకెక్కడో ఉన్నాయి. "మబ్బు పట్టిన రోజు. నీకు గుర్తుండదు. కాగితమంతా తడిపి, బోర్డు ఎత్తి పట్టుకుంటే ఆ బూడిదరంగు దానంతటదే కిందికి దిగి, నీళ్ళని కలుసుకుంది. నేనేమీ చెయ్యలేదు. ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాను, అంతే. ఆ రోజు చెయ్యి నా మాట విందే బుల్లీ. పడిపోయాక అది ఒక్కరోజే. ఒడ్డు దగ్గర చిన్న తెలుపు వదిలాను, ఇంత. ఆ తెలుపు వల్లే మిగతాదంతా సముద్రమైంది. అంత బాగా వచ్చింది. నీకు చూపిద్దామనుకున్నా. నువ్వు మార్కెట్టుకి వెళ్ళావు. నిద్రొచ్చి పడుకున్నాను. లేచాక చూపిస్తానుగా అని."

"లేచి చూస్తే బోర్డు మీద నీదుంది."

"అక్కా..."

"నాది మంచం కింద వెతికాను. చెత్తబుట్టలో వెతికాను. అప్పుడనిపించింది, ఇది కూడా మార్చిందంటే ఇది కూడా బాగా లేదన్నమాట, నా కళ్ళకే బాగుందన్నమాట అని. నీకంటే మంచి కన్ను ఈ ఇంట్లో ఎవరికుంది? అప్పటి నుంచీ నేను వేసింది నువ్వు చూసి దించుకోవడానికే వేశాను. అంతకంటే ఆశ పెట్టుకోలేదు."

ఆ రోజు బుల్లికి బాగా గుర్తుంది. మార్కెట్టు నుంచి ఆలస్యంగా వచ్చింది. అక్క లేచేలోపు అయిపోవాలని తొందర. బోర్డు మీద కాగితాన్ని ఒకసారి చూసింది. ఎక్కడ ఆకాశం, ఎక్కడ నీళ్ళు, ఎక్కడ ఒడ్డు. అంతే చూసింది. బాగుందా లేదా అని చూడలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు. అక్క వేసింది కాబట్టి సరిచెయ్యాల్సిందే, అంతే.

"నేను చూడలేదక్కా" అంది. "బాగాలేదని మార్చలేదు. చూడకుండానే మార్చేశాను."

అక్క ఆ మాట విని కళ్ళు మూసుకుంది. ఇంతసేపూ లేని నీళ్ళు అప్పుడు వచ్చాయి ఆమెకి. తుడుచుకోవడానికి అలవాటుకొద్దీ కుడిచెయ్యి ఎత్తబోయింది. అది సగం దూరం వచ్చి ఆగిపోయింది. బుల్లి వెళ్ళి తన కొంగుతో తుడిచింది. అక్క తుడవనిచ్చింది.

"సరేలే. పోనీ. ఇప్పుడు చూద్దువుగాని. తీసుకురా, ఇద్దరం కలిసి చూద్దాం. దాన్ని ఆవిడకిద్దాం. మిగతావి ఏమైనా కానీ."

బుల్లి కదల్లేదు.

"తే!"

"అది బీరువాలో లేదక్కా."

"చింపలేదన్నావుగా!"

"చింపలేదు. ఆ రోజు పెద్ద కాగితాలు అయిపోయాయి. కొనడానికి వెళ్తే నువ్వు లేచేస్తావు. అందుకని..." బుల్లి గోడ వైపు తిరిగింది. అక్క మొహం చూస్తూ ఈ మాట చెప్పడం ఆమె వల్ల కాలేదు. "తిప్పేశాను. నీదాన్ని వెనక్కి తిప్పి, వెనక వైపు నాది వేశాను. మందం కాగితం కదా, రంగు అవతలికి దిగలేదు. నువ్వు వెతికినప్పుడు అది బోర్డు మీదే ఉంది. టేపు వేసి ఉంది కాబట్టి నువ్వు తిప్పి చూడలేదు."

అక్క చిత్రంగా, చిన్నగా నవ్వింది. "అంటే నేను సంతకం పెట్టింది నా బొమ్మ వీపు మీదన్నమాట."

"నవ్వకక్కా."

"మరేం చెయ్యను? ఇప్పుడెక్కడుంది?"

"ఫ్రేములాయన దగ్గర. పొద్దున ఇచ్చేశాను. గ్యాలరీ ఆవిడ దాన్ని మెయిన్ గోడకి పెడతానంది. ముందు అట్ట, వెనక అట్ట పెట్టి, ఆవిడకి వెనక వైపు కనపడకుండా ఇచ్చాను. ఇంకా..." ఇక దాచడానికి ఏమీ మిగలకూడదనుకుంది బుల్లి. "కాగితం వంకర తిరిగింది, కదలకుండా మొత్తం జిగురు పూసి అట్టకి అంటించెయ్యమని నేనే చెప్పాను. అంటించేస్తే ఇక ఎవరూ ఎప్పటికీ వెనక్కి తిప్పి చూడరని."

"ఎప్పుడు అంటిస్తానన్నాడు?"

"మధ్యాహ్నం."

అక్క కిటికీ వైపు చూసింది. మధ్యాహ్నం అప్పుడే ఇళ్ళ కప్పుల మీద వాలిపోయి ఉంది. దిండు పక్కనున్న తన ఫోను ఎడమచేత్తో అందుకుని, బుల్లి చేతుల్లోకి విసిరింది. "చెయ్యి."

బుల్లి వేళ్ళకి ఒకే పువ్వుని వందసార్లు గీసే నిలకడ ఉంది. ఆ వేళ్ళే ఫ్రేములాయన నంబరు రెండుసార్లు తప్పు నొక్కాయి. మూడోసారి మోగింది. మోగుతూనే ఉంది. అక్క దగ్గరికి జరిగి, బుల్లి భుజం పట్టుకుంది. మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడు. టీ అయిపోయినట్టుంది గ్యాలరీ ఆవిడకి.

"చెప్పండమ్మా" అన్నాడు ఫ్రేములాయన. వెనక ఎక్కడో రంపం కోస్తున్న మోత. బుల్లి స్పీకరు నొక్కింది.

"బాబూ, ఆ పెద్ద సముద్రం! అంటించేశారా?"

"మీకే ఫోను చేద్దామనుకుంటున్నానమ్మా. జిగురు కలిపి, బ్రష్షు చేత్తో పట్టుకుని, వెనక అట్ట తీశానా..."

"అంటించకండి! దయచేసి అంటించకండి!"

"అంటించలేదండీ, కంగారు పడకండి. ఎలా అంటిస్తాను, వెనక కూడా బొమ్మ ఉంటే?"

బుల్లి గుండెల్లోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. భుజం మీద అక్క చెయ్యి బిగుసుకుంది, వదులైంది. ఇద్దరిలో ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు నవ్వుతున్నారో చెప్పడం కష్టం. దేవుడున్నాడు అంది అక్క, దేవుడితో పెద్దగా పని పెట్టుకోని మనిషి.

"అదే నా సందేహమమ్మా" ఫ్రేములాయన గొంతు మళ్ళీ వినపడింది. "ఇటూ సముద్రమే, అటూ సముద్రమే. ఒకటి కుదురుగా ఉంది, కింద సంతకం ఉంది. రెండోదానికి సంతకం లేదు, వానొచ్చేట్టుంది. అంటించకుండానే ఫ్రేము కడతాను, అది నా పని. కానీ అద్దం ఒక వైపేగా వేసేది. రెండోది గోడ వైపు ఉండిపోతుంది. సాయంత్రానికి గ్యాలరీకి పంపెయ్యాలి. ఏ సముద్రం పైకి రావాలో చెప్పండి."

గుమ్మంలో గ్యాలరీ ఆవిడ నిలబడి ఉంది. ఖాళీ కప్పు చేతిలోనే ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో ఆవిడ మొహంలో తెలియడం లేదు. "రెండో సముద్రం ఏంటి?" అని అడిగింది.

"అమ్మా, లైన్లో ఉన్నారా? ఏది పైకి?"

అక్క, బుల్లి ఒకేసారి నోరు తెరిచారు. ఒకేసారి చెప్పారు.

ఇద్దరూ చెప్పింది ఒకటి కాదు. ఎవరేం చెప్పారో వచ్చేవారం.